చుట్టరికం

నోట్లోకి పోయే ప్రతిదాన్నీ ఒకసారి అనుమానంగా చూడటం మా జిల్లా అలవాటు. తాగే నీళ్లే పళ్లనూ ఎముకలనూ పాడుచేసిన ఊళ్లు మావి. పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి దేశదేశాల్లో ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు. అలాంటి చోట పుట్టి, యాభై నాలుగేళ్లు నిండాక, డాలస్ నుంచి వచ్చిన బామ్మర్ది ఏదో చేతిలో పెడితే మారు మాట్లాడకుండా నోట్లో పెట్టుకున్నాను. తప్పు నాది కాదు, చుట్టరికానిది.

దాన్ని చుట్ట అనకూడదని బామ్మర్ది ముందే చెప్పాడు. సిగార్ అనాలి. నికరాగువా దేశపుది, ఒక్కోటి 18 డాలర్లట. పొడవు 6 అంగుళాలు, లావు 48. నలభై ఎనిమిది ఏమిటని అడిగాను. అంగుళాన్ని 64 భాగాలు చేసి అందులో 48 అట. మా బోరు మెకానిక్‌ను పిలిస్తే ‘ముప్పావు ఇంచు పైపు’ అని ఒక్క మాటలో తేల్చేసేవాడు. కానీ పైపు అంటే 18 డాలర్లు ఎవరిస్తారు?

పెట్టెలో అయిదున్నాయి. వాటికి తోడు తేమ కొలిచే చిన్న మీటరొకటి. తేమ 65 నుంచి 70 శాతం మధ్య ఉండాలట, తగ్గితే ఆకు ఎండిపోతుందట. మే నెల నల్లగొండలో మనుషులం ఆకుల్లా ఎండిపోతున్నాం, కూలర్‌లో నీళ్లు పోసేవాడు లేడు. బామ్మర్ది మాత్రం రాత్రి రెండు గంటలకు లేచి, సెల్‌ఫోన్ లైటు వేసుకుని మీటరు చూసి, తృప్తిగా పడుకున్నాడు. మా అమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు కూడా ఇంత శ్రద్ధ నేను చూడలేదు. ఇక్కడ సిగరెట్ పెట్టె మీద 85 శాతం జాగా కుళ్లిన నోటి బొమ్మలకే పోతుంది. ఈ పెట్టె మీద మాత్రం పచ్చటి కొండలు, గుర్రం మీద ఒక పెద్దమనిషి. ఖరీదు పెరిగితే రోగం కూడా మర్యాదగా వస్తుంది కాబోలు.

ఇది ‘ఫుల్ బాడీడ్’ సరుకంటూ, వెలిగించే ముందు చదువుకోమని ఒక పట్టిక ఇచ్చాడు. ఈ పొగలో తెలియాల్సిన రుచులు అందులో ఉన్నాయి. తోలు, తడిమట్టి, దేవదారు చెక్క, కాఫీ, మిరియాలు, ఎండుగడ్డి, పశువుల కొట్టం. ఆ చివరి రెండు చదివి నాకు కళ్లనీళ్లొచ్చాయి. చిన్నప్పుడు నేను సరిగ్గా ఈ వాసనలే వేసుకుని ఇంటికొస్తే, మా అమ్మ గడప బయటే నిలబెట్టి నెత్తిన నీళ్లు కుమ్మరించేది. నా బాల్యమంతా ఫుల్ బాడీడ్‌గా గడిచిందని ఆమెకు తెలియదు పాపం.

ఫుల్ బాడీడ్ అంటే ఘాటు అనుకుంటే పొరపాటట. బాడీ అంటే నోటినిండా పొగ ఎంత చిక్కగా, బరువుగా ఉందన్నది. ఘాటంటే నికోటిన్. మా వాడు తెచ్చిన సరుకులో రెండూ దండిగా ఉన్నాయి. మొక్క కొసన ఉండే ఆకు ఎండంతా తాగి మందంగా, జిడ్డుగా తయారవుతుంది. నిదానంగా కాలుతుంది కాబట్టి దాన్ని సిగార్ నడిమధ్యలో పెడతారు.

“బావా, పొగ మింగొద్దు. నోట్లనే తిప్పి ఇడువాలె” అన్నాడు.

మింగలేదు. పావుగంటసేపు డాబా మీద నులక మంచంలో జమీందారులా కూర్చున్నాను. తోలు తెలిసిందా అంటే తెలిసిందన్నాను. దేవదారు అంటే తలూపాను. దేవదారు చెక్క నేను జన్మలో వాసన చూసి ఎరగను. సగానికి వచ్చేసరికి నోట్లో నీళ్లూరడం మొదలైంది. తర్వాత చెవుల వెనక చల్లటి చెమట. చూస్తుండగానే ఎదురుగా ఉన్న లతీఫ్ సాబ్ గుట్ట, కాపురాల గుట్ట ఒకదాని చోటికి ఒకటి వెళ్లాయి. నేను లేచి నీళ్ల ట్యాంకును కౌగిలించుకున్నాను. ఎండకు అది కాలుతోంది, అయినా వదల్లేదు.

“ఇప్పుడు మిరియాలు తెలుస్తున్నయా బావా?”

మింగకపోతే ఏమీ కాదనుకోవడమే నేను చేసిన పొరపాటు. సిగార్ పొగకు క్షారగుణం ఎక్కువ, నికోటిన్ నోటి పొరల్లోంచే నెత్తురులోకి దిగిపోతుంది. పెద్ద సిగార్ ఒక్కదాంట్లో ఒక సిగరెట్ పెట్టెకు సరిపడా పొగాకు ఉండొచ్చు. ఈ సంగతులు పట్టికలో లేవు.

మా ఆవిడ పైకొచ్చి, తమ్ముణ్ని ఒక చూపు చూసి, నా నోట్లో బెల్లం ముక్క కుక్కింది. అమెరికాలోనూ ఇలాంటప్పుడు చక్కెరే తింటారని బామ్మర్ది సంతోషించాడు.

మంచంలో వెల్లకిలా పడి అక్బర్ పాదుషా గురించి ఆలోచించాను. 1604 ప్రాంతంలో అసద్ బేగ్ అనే కొలువు ఉద్యోగి బీజాపూర్ నుంచి పొగాకు పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టాడు. బీజాపూర్ ఎక్కడో లేదు, అటునుంచి వచ్చే భీమానది కృష్ణలో కలిసేది మా పాలమూరు అంచునే. కాబట్టి పాదుషాకు పొగ పెట్టిన ఘనతలో దక్షిణ తెలంగాణకు పొరుగువాటా ఉంది. హకీం వద్దు వద్దంటున్నా అక్బర్ కొంచెం పీల్చి చూశాడు, అలవాటు మాత్రం చేసుకోలేదు. ఆయనకు డాలస్‌లో బామ్మర్ది లేడు.

సాయంత్రం నకిరేకల్ పక్క ఊరి నుంచి మా పెద్దనాయిన వచ్చాడు. అరవై ఏళ్లుగా చుట్ట తాగుతున్నాడు. తెల్లారుజామున ఆయన దగ్గితే వాడకట్టంతా లేస్తుంది, ఎవరికీ అలారం అక్కర్లేదు. బామ్మర్ది భక్తిగా ఒక సిగార్ అందించాడు. పెద్దనాయిన దాన్ని నోట్లో పెట్టుకోలేదు. బంగారు రంగు కాగితపు పట్టీ తీసి నా మనవరాలి వేలికి తొడిగాడు. బొటనవేలి గోరుతో పై ఆకు అంచు లేపి, అరటిపండు తొక్కలా నెమ్మదిగా విప్పాడు. దాని కింద గట్టి ఆకు, లోపల మడతలు మడతలుగా ఇంకొన్ని. మధ్యలోని నల్లటి మందపాటి ఆకును వెలుగుకు పట్టి చూసి, వాసన చూశాడు.

“ఆకు మంచిదే. కుప్పేసి మంచిగ మాగబెట్టిన్రు.”

బామ్మర్ది నాకు గంటసేపు చెప్పింది కూడా ఇదే.

“గింత లావుది ఒక్కనికెందుకు అల్లుడా?” అంటూ ఆ ఆకుల్ని తొడ మీద పరిచి, ఉమ్మితో తడిపి, మూడు చుట్టలు చుట్టాడు. ఒకటి చెవి మీద, ఒకటి రుమాలు మడతలో, ఒకటి నోట్లో. ఆరు డాలర్ల లెక్కన ఒకటి ముట్టించాడు.

బామ్మర్ది పట్టిక తెరిచి పక్కన కూర్చున్నాడు. “ఏమేం రుచులు తెలుస్తున్నయి మామా?”

పెద్దనాయిన కళ్లు మూసుకుని, పొగ వదిలి, చాలాసేపు ఆలోచించాడు.

“పొగాకు.”

బామ్మర్ది పట్టికంతా వెతికాడు. అందులో ఆ రుచి లేదు.