దిగే లెక్క కట్టుకునే కొండెక్కాలి

వానలు వెనకపట్టాయి. ఇక ఫిబ్రవరి దాకా బెంగళూరు చుట్టూ ఉన్న కొండలకు సీజనే. శుక్రవారం సాయంత్రమయ్యేసరికి మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ పీజీల్లో ఉండే మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ: రేపు నంది కొండలకా, స్కందగిరికా, సావనదుర్గకా, రామనగరకా? ఏదైనా డెబ్భై కిలోమీటర్ల లోపే. తెల్లారగట్ల బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరొచ్చు. ఈ దగ్గరితనమే చిక్కు తెచ్చిపెడుతోంది. పార్కుకు వెళ్లినట్టు వెళ్తున్నారు. పదిమందికి నాలుగు సీసాల నీళ్లు, అడుగు అరిగిపోయిన బూట్లు, సగం చార్జింగ్ ఉన్న ఫోన్లు. పైకి ఎప్పుడు చేరతామన్నదే అందరి లెక్క. కిందికి ఎప్పుడు, ఏ కాళ్లతో వస్తామన్నది ఎవరూ వేసుకోరు. కొండల్లో మనుషులు జారిపడేది ఎక్కువగా దిగేటప్పుడే.

అలసట ఒక్కటే దానికి కారణం కాదు. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు ఒంటి బరువును ఆపుతూ, సాగుతూ పనిచేస్తుంది. సాగుతూ చేసే పనికే కండరం ఎక్కువ దెబ్బతింటుంది. గంటసేపు దిగాక కాళ్లు గజగజలాడేది, మర్నాడు ఆఫీసు మెట్లు దిగలేకపోయేది అందుకే. పైగా ఎక్కేవారికి రాయి ముఖానికి దగ్గరగా ఉంటుంది, అవసరమైతే చేతులు ఆనించవచ్చు. దిగేవారికి అడుగు వేసే చోటు దూరంగా ఉంటుంది, దాని వెనక లోయ కనిపిస్తుంది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

సావనదుర్గనే తీసుకుందాం. మాగడి దారిలో ఉంది. కింద వీరభద్రస్వామి, నరసింహస్వామి గుళ్లు, పైన నంది మంటపం, సముద్రమట్టానికి 1226 మీటర్ల ఎత్తు. గుడి దగ్గర నిలబడి తలెత్తితే కొండంతా ఒకే బండలా కనిపిస్తుంది. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట నేల లోతుల్లో గట్టిపడిన గ్రానైట్ ఇది. రామనగరకు ఒకప్పుడున్న క్లోజ్‌పేట పేరే భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతికి పెట్టారు. పైనున్న మన్నూ రాయీ కొట్టుకుపోయి బరువు తగ్గేకొద్దీ ఇలాంటి బండ ఉల్లిపాయలా పొరలు పొరలుగా పెచ్చులూడుతుంది. అందుకే ఇంత గుండ్రంగా, నున్నగా ఉంటుంది. చాలా దూరం మెట్లుండవు, బూటు అడుగుకూ రాతికీ మధ్య ఒరిపిడే దిక్కు.

ఆ బండను చదవడం నేర్చుకోవాలి. లేత బూడిదరంగులో గరుకుగా ఉన్న రాయి నమ్మదగ్గది. నల్లటి చారలు వాననీరు దిగే దారులు, ఆ నలుపు పాచిది. ఎండి ఉన్నంతసేపూ ఏమీ కాదు, తడిసిందంటే సబ్బుబిళ్లే. దాన్ని తడపడానికి వాన కూడా అక్కర్లేదు, చలికాలపు తెల్లవారి మంచు చాలు. ఆరింటికి జారిన చోటే తొమ్మిదింటికి కాలు నిలుస్తుంది. చారల కన్నా మోసం చేసేది ఇసుకరవ్వ. పెచ్చులు పొడై రాలిన ముతక రవ్వ వాలు మీద పలచగా పరుచుకుని ఉంటుంది, కాలు పడగానే గోళీల్లా దొర్లుతుంది. ఇక ఊడీ ఊడకుండా నిలిచిన పెచ్చుల సంగతి. బరువు వేసే ముందు మడమతో ఒకసారి తట్టాలి. బోలుగా మోగితే పక్కకు జరగాలి.

దిగేటప్పుడు భయంతో అందరూ చేసేది వెనక్కి వాలడం. అప్పుడు బరువంతా మడమ అంచు మీదికి పోతుంది, ఆ కాస్త రబ్బరు పట్టు నిలుపుకోలేదు. మోకాళ్లు కొద్దిగా వంచి, బరువు పాదాల మీదే ఉంచి, అరికాలు మొత్తం బండకు ఆనేలా జానెడు జానెడు అడుగులు వేయాలి. నిటారుగా కాక ఏటవాలుగా అటూ ఇటూ తిరుగుతూ దిగాలి. ఒకరి నెత్తిమీద ఒకరుగా కాకుండా నాలుగైదు గజాల ఎడం ఉండాలి. పైవారు జారితే కిందివారినీ లాక్కుపోతారు. దిగడం మొదలుపెట్టే ముందు లేసులు విప్పి మళ్లీ కట్టుకోవాలి, వేళ్ల దగ్గర కాస్త వదులుగా, చీలమండ దగ్గర బిగువుగా. లేకపోతే పాదం ముందుకు జారి బొటనవేళ్ల గోళ్లు బూటుకు కొట్టుకుని నల్లబడతాయి. చినుకు పడితే చదునైన చోట కూర్చుని బండ ఆరేదాకా ఆగాలి. తొందరపడి తడి బండ మీద దిగడం కన్నా గంట ఆలస్యం మేలు. ఉరుము వినిపిస్తే మాత్రం శిఖరం మీదా ఒంటరి చెట్టు కిందా ఉండకూడదు.

ఇప్పుడు సమయం. స్కాట్లండ్‌కు చెందిన విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: చదును నేల మీద గంటకు ఐదు కిలోమీటర్లు, పైకెక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. మూడు కిలోమీటర్ల దారి, 400 మీటర్ల ఎత్తు అనుకుంటే 36 నిమిషాలు, 40 నిమిషాలు, కలిపి 76. అది అలవాటున్న ఒంటరి నడకరికి. ఫొటోలూ, కూర్చోవడాలూ, వెనకబడినవారి కోసం ఆగడాలూ ఉన్న పదిమంది బృందానికి రెట్టింపు, అంటే రెండున్నర గంటలు. ఇలాంటి బండ మీద దిగడానికీ అంతే పడుతుంది. పైన అరగంట. మొత్తం ఐదున్నర గంటలు. డిసెంబరులో బెంగళూరులో ఆరింటికల్లా పొద్దు గుంకుతుంది. పదకొండింటికి మొదలుపెడితే కిందికొచ్చేది నాలుగున్నరకు, చేతిలో మిగిలేది గంటన్నర. ఒక్కరి చీలమండ మడతపడినా ఆ గంటన్నర చాలదు. నడవలేని మనిషిని వాలు బండ మీద మోసి దించాలంటే ఆరుగురైనా వంతులు వేసుకోవాలి. అందుకే పదకొండు దాటాక ఆ రోజుకు ఆ కొండ ఎక్కకూడదన్నది మా మాట. గుళ్లో దణ్ణం పెట్టుకుని పక్కనే ఉన్న మంచనబెలె జలాశయం గట్టు దూరం నుంచి చూసి వచ్చినా ఆ రోజు దండగ కాదు.

మరీ పెందలాడే వెళ్లడంలోనూ ఒక తప్పు ఉంది. సూర్యోదయం మోజులో చీకట్లో అడవి దారులు పట్టడం మంచిది కాదు. రామనగర, దేవరాయనదుర్గ వైపు కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. అవి రాత్రంతా మేసి గుహలకు తిరిగొచ్చే వేళా, మనవాళ్లు బయల్దేరే వేళా ఒకటే. మంచు మీద పొద్దుపొడుపు చూడాలంటే 1478 మీటర్ల నంది మీదికి కారు రోడ్డు ఉంది. నడిచే ఎక్కాలనుకుంటే సుల్తాన్‌పేట నుంచి వెయ్యికి పైగా పాత మెట్లున్నాయి, వెలుతురులో ఎక్కండి. బన్నేరుఘట్ట, కనకపుర అడవులు ఏనుగులవి. అటవీ సిబ్బంది వెంట లేకుండా అక్కడ అడుగు పెట్టే మాటే ఉండకూడదు.

నీళ్లు మనిషికి చలికాలంలో రెండు లీటర్లు, మార్చి తర్వాత మూడు. ఎవరివి వారే మోయాలి. సగం అయిపోయిన చోట, శిఖరం ఎంత దగ్గరున్నా, వెనక్కి తిరగాలి. పది దాటాక గ్రానైట్ వేడెక్కి కింది నుంచి కూడా కాల్చుతుంది. చెమటతో ఉప్పు పోతుంది కాబట్టి ఉత్త నీళ్లు చాలవు. ఓఆర్‌ఎస్ పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలవాలి. మజ్జిగలో ఉప్పు వేసి తీసుకెళ్లే మన అలవాటు కూడా మంచిదే. తలనొప్పి, వికారం వస్తే నీడన కూర్చోబెట్టాలి. మాట తడబడినా, ఎక్కడున్నారో తెలియనట్టు ప్రవర్తించినా అది వడదెబ్బ. ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం వద్దు. ఆ కాలు కదలకుండా ఉంచి, మోసుకుని దించి, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. ప్రతి సంచిలో పది రూపాయల ఈల ఒకటి ఉండాలి. నిమిషంలో ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్లీ ఊదడం కొండల్లో ఆపదకు గుర్తు. అరుపు కన్నా దూరం పోతుంది, గొంతు పోదు.

ఈ బండల చూరుల కింద చేటలంత తేనెపట్లు వేలాడుతుంటాయి. కొండ తేనెటీగలు మామూలు ఈగల్లాంటివి కావు. పొగ, గట్టి సెంటు, స్పీకర్లలో పాటలు, సరదాకు విసిరిన రాయి, వీటిలో ఏదైనా చాలు. లేచాయంటే చేతులు విసరకుండా, ముఖం కప్పుకుని, అడుగు చూసుకుంటూ దూరంగా పోవాలి. ముల్లు చర్మంలో ఉన్నంతసేపూ విషం ఎక్కుతూనే ఉంటుంది. గోటితోనో కార్డు అంచుతోనో వెంటనే గీకేయాలి.

రామనగర విషయంలో మేము గట్టిగానే చెప్పదలిచాం. అక్కడి రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. పొడుగు ముక్కు రాబందులు ఆ నిట్టనిలువు చరియల మీద గూళ్లు కడతాయి. ఏడాదికి ఒక జత పెట్టేది ఒకే ఒక గుడ్డు. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను చంపేస్తోందని తేలి, దేశం 2006లో దాన్ని పశువైద్యంలో నిషేధించింది. అంత దెబ్బ తిని మిగిలిన పక్షులవి. చలికాలం, అంటే మనం కొండలెక్కే ఈ నెలలే, అవి పొదిగే కాలం కూడా. గూటి ఎదుట డ్రోను ఎగిరినా, గుంపు కేకలు వేసినా తల్లి లేచిపోతుంది, గుడ్డు చల్లబడుతుంది. ఆ ఏటికి ఆ జత సంతానం అంతే. ఇదే రాతి పొదల్లో పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంటుంది. దక్షిణాది రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించదు. అక్కడ పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోగలిగినవారికి అది వినిపిస్తుంది. అభయారణ్యానికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నూడుల్స్ కోసం వెలిగించే చిన్న స్టవ్వూ ముప్పే. జనవరి తర్వాత నడుమెత్తు ఎండుగడ్డికి ఒక్క రవ్వ చాలు.

మాకలిదుర్గ గురించి హిందూపురం, ధర్మవరం వైపు రైల్లో తిరిగే మనవాళ్లకు చెప్పక్కర్లేదు. దొడ్డబళ్లాపురం దాటాక కిటికీలోంచి కనిపించే కోట కొండ అదే. దానికి దారి వెతుక్కోవడం కష్టమని పట్టాల వెంట నడిచేవారున్నారు. మలుపుల్లో రైలు కనిపించేసరికే దగ్గరికొచ్చేస్తుంది. పట్టాల వెంట నడక చట్టరీత్యా నేరం కూడా.

ఈ కొండల మీద మన హక్కు గురించి ఒక మాట. పెన్న పుట్టేది నంది పరిసరాల్లోని చెన్నకేశవ కొండల్లోనే. అనంతపురం, కడప దాటి నెల్లూరు పొలాలకు పారే నీటికి మొదలు అది. బాగేపల్లి, చింతామణి వైపు ఊళ్లలో ఇళ్లల్లో మాట్లాడేది తెలుగే. కైవారం యోగి నారేయణ తాతయ్య తెలుగులోనూ తత్వాలు పాడారు. అటువైపు కొండ కింది ఊరిలో కారు ఆపుకునే మనకు ఆ ఊరి పెద్దాయనను ‘తాతా, దారి ఎటు?’ అని అడగడానికి భాష అడ్డురాదు. గూగుల్ మ్యాపు కన్నా ఆయనకు తెలిసింది ఎక్కువ. ఏ వాగు నిండిందో, ఏ చరియ మీద తేనెపట్టు లేచిందో ఆయనే చెప్పగలడు. అక్కడే టీ తాగి, అక్కడే ఇడ్లీ తిని, చెత్త మాత్రం మన సంచిలోనే వెనక్కి తెచ్చుకుంటే ఆ ఊరివాళ్లు మళ్లీ రమ్మంటారు.

అనుమతుల విషయం. 2024 జనవరిలో కుక్కే సుబ్రహ్మణ్య దగ్గరి కుమార పర్వతం మీద జనం కిక్కిరిసిన దృశ్యాలు చూశాక, ఆన్‌లైన్ బుకింగ్ లేని దారుల్లో కర్ణాటక ప్రభుత్వం ట్రెక్కింగ్ ఆపింది. తర్వాత ‘అరణ్య విహార’ వెబ్‌సైటు వచ్చింది. రోజుకు ఇంతమంది అని పరిమితి పెట్టడం సరైన పనే. టికెట్ దొరకలేదని పక్క పొలంలోంచి దూరేవారు పరిమితి తప్పించుకోవడమే కాదు, తప్పిపోతే ఎవరూ వెతకని మనుషులవుతున్నారు.

ఆ పద్ధతికి ఇంకొకటి జోడించాలని మేము కోరుతున్నాం. టికెట్ పైకి వెళ్లేవారిని లెక్కిస్తుంది. కిందికొచ్చినవారినీ లెక్కించాలి. గేటు దగ్గర ఒక రిజిస్టరు చాలు: బృందంలో ఎంతమంది, బయల్దేరిన వేళ, తిరిగొస్తామన్న వేళ, ఇంట్లో ఒకరి ఫోను నంబరు. తిరిగొచ్చాక ఆ వరుస కొట్టేయాలి. సాయంత్రం ఐదింటికి కొట్టేయని వరుస కనిపిస్తే అటెండరు ముందు బృందానికి, తర్వాత ఇంటికి, ఆ తర్వాత 112కి ఫోన్ చేయాలి. గేటు లేని కొండలకు వెళ్లేవారు ఈ నాలుగు వివరాలనే ఒక మెసేజ్‌లో రాసి ఇంట్లో ఒకరికి పంపాలి. కిందికి దిగాక కారెక్కేలోపే ‘దిగాం’ అని మరో మెసేజ్ పెట్టాలి.