రెండుకి రెండు వచ్చినా ఫెయిలే

జీడిమెట్లలో రాత్రి రెండున్నరకి మెలకువగా ఉండేవి మూడే: దోమలు, సెక్యూరిటీ గార్డు, మందుల్ని పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ మిషన్. నాలుగోవాడు అనలిస్టు. అతను మెలకువగానే ఉన్నాడని మిషన్‌లో ఎవరు ఎప్పుడు ఏం చేశారో రాసుకునే ఆడిట్ ట్రైల్ సాక్ష్యం చెబుతుంది కాబట్టి నమ్మక తప్పదు.

ఆ వేళలో జరిగే పవిత్ర కార్యం పేరు సిస్టమ్ సూటబిలిటీ. మందుబిళ్లని పరీక్షించే ముందు, పరీక్షించే మిషన్ సరిగ్గా ఉందో లేదో తేల్చాలి. ఎంత మందు ఉందో ముందే తెలిసిన ఒకే స్టాండర్డ్‌ని ఐదుసార్లు ఎక్కిస్తాం. ప్రతిసారీ గ్రాఫ్‌లో ఒక పీక్ లేస్తుంది. ఆ పీక్‌ల ఏరియాల మధ్య తేడా, అంటే ఆర్‌ఎస్‌డీ, 2.0 శాతం దాటకూడదు, పీక్ తోక మరీ సాగకూడదు (అదే టైలింగ్), పదార్థాల్ని విడదీసే గొట్టం, అంటే కాలమ్, ఎంత బాగా పనిచేస్తోందో చెప్పే ప్లేట్లు 2000కి తగ్గకూడదు. ఈ ప్లేట్లని ఇంతవరకు ఎవరూ చూడలేదు. 1941లో మార్టిన్, సింజ్ అనే ఇద్దరు పెద్దమనుషులు డిస్టిలేషన్ వాళ్ల దగ్గర ఆ లెక్క అరువు తెచ్చారు. కాలమ్ కోసి చూస్తే ఉండేది సిలికా పొడి. పెళ్లిలో కేటరింగ్ వాడికైనా లెక్కపెట్టడానికి ఎంగిలి ప్లేట్లు కనబడతాయి, మాకు ఆ భాగ్యం కూడా లేదు.

పైగా 2022 డిసెంబర్ 1న మందుల ప్రమాణాలు చెప్పే అమెరికా ఫార్మకోపియా ఈ ప్లేట్ల కొలత మార్చింది. అంతకుముందు పీక్‌కి టాంజెంట్లు గీసి అడుగున వెడల్పు కొలిచేవాళ్లం. ఇప్పుడు సగం ఎత్తులో నడుము కొలుస్తున్నాం. సూత్రంలో 16 పోయి 5.54 వచ్చింది. మందు అదే, కాలమ్ అదే, ప్లేట్లు మాత్రం రాత్రికి రాత్రి మారిపోయాయి. సాఫ్ట్‌వేర్‌లో రెండు లెక్కలూ పక్కపక్కనే ఉంటాయి. ఏది కావాలో టిక్కు పెట్టినవాడే మా పాలిట బ్రహ్మ.

మొన్న నైట్ షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, టైలింగ్ లిమిట్ 2.0. వచ్చింది 2.0. ఫెయిల్ అంటోంది."

"రిపోర్టు పక్కన పెట్టు, లోపల రిజల్ట్ తెరిచి చూడు."

"2.0437 అన్నా."

అదీ సంగతి. రిపోర్టు తయారుచేసినవాడు ఒక్క దశాంశం చాలన్నాడు. పాస్-ఫెయిల్ ఫీల్డ్ రాసినవాడు అన్ని దశాంశాలూ పోల్చమన్నాడు. లిమిట్‌కి ఎన్ని దశాంశాలుంటే అన్నిటికే రౌండ్ చేసి చూడాలని ఫార్మకోపియా చెబుతుంది. ఆ ముక్క సాఫ్ట్‌వేర్‌కి చెప్పినవాడు లేడు. విచారిస్తే రిపోర్టు, ఫీల్డ్ రెండూ ఒక్కడే రాశాడని తేలింది. అతను రెండేళ్ల కిందటే జీతం పెరిగి విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా కంపెనీకి వెళ్లిపోయాడు.

ఆ ఫార్ములాలో రౌండింగ్ పెట్టడానికి పది నిమిషాలు చాలు. దానికి చేంజ్ కంట్రోల్ అనే అనుమతి, వాలిడేషన్ అనే రుజువు, సంతకాలు కలిపితే పండగ దాటుతుంది. ఈలోగా సంప్రదాయ వైద్యం ఒకటుంది. పీక్ అడుగున గీసే బేస్‌లైన్ చివర పట్టుకుని కొంచెం ముందుకి లాగితే తోక పొట్టిదై టైలింగ్ 1.9 అవుతుంది. దీన్ని శస్త్రచికిత్స అనాలే గానీ మోసం అనకూడదని నా దృఢమైన అభిప్రాయం. అమెరికా ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్ల అభిప్రాయం వేరు. దాన్ని వాళ్లు తప్పులు రాసిచ్చే ఫామ్ 483 మీద రాసి, చేతికిచ్చి, మర్యాదగా వెళ్తారు.

కొబ్బరికాయ కొడదామంటే ల్యాబ్‌లో జీఎంపీ, అంటే మందుల తయారీ నియమాలు, ఒప్పుకోవు. నేను ధైర్యం చేసి కాలమ్ మార్చమన్నాను. కుర్రాడు కొత్తది బిగించి, గంటన్నర మొబైల్ ఫేజ్ అనే ద్రవం పారించి, మళ్లీ ఐదు ఇంజెక్షన్లు వేశాడు. టైలింగ్ 1.1. స్క్రీన్ అంతా పచ్చని పొలంలా ఉందన్నా అని ఫొటో పెట్టబోయాడు. ల్యాబ్‌లోకి ఫోన్ తేకూడదని గుర్తుచేసి, టెన్షన్ పడకుండా శాంపుల్ మొదలుపెట్టమన్నాను. ఇంతసేపూ దేంతో మాట్లాడాడో నేనూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

తెల్లారి తొమ్మిదింటికి నాణ్యత చూసే క్యూఏ మేడమ్ రెండు రిపోర్టులూ చేతిలో పట్టుకుని వచ్చింది. పాతదాని మీద పెన్ను ఆనించి, చాలా మామూలుగా అడిగింది:

"ఇందులో 2.0 అనే ఉంది కదండీ, లిమిట్ కూడా 2.0నే. బాగున్న కాలమ్ ఎందుకు మార్చారు?"