500 దాటితే దిగనివ్వరు
అంటార్కిటికా చూడ్డానికి వెళ్లాలంటే పెద్ద ఓడే మేలని ఓ వ్యాసంలో రాశారు, నేనైతే ఒప్పుకోను. 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ నుంచి ఎవర్నీ ఒడ్డుకి దింపరు, డెక్ మీంచి చూసి రావాల్సిందే. చిన్న ఓడైనా ఒక చోట ఒకసారికి 100 మందే, మిగతావాళ్లు తిరుమల కంపార్ట్‌మెంట్లలో లాగా ఆగాలి. పెంగ్విన్‌కి 5 మీటర్ల దూరం పాటించాలి. కూనల్ని చూడాలంటే జనవరి, తిమింగలాలకి ఫిబ్రవరి, మార్చి. ఇంకోటి, మన తిరుపతి వాళ్లు చలికోటు గురించే అడుగుతారు గానీ కెమెరా సంగతి పట్టించుకోరు. ఆ చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, స్పేరుది లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. కేబిన్‌లోకి అడుగుపెట్టకముందే కెమెరాని జిప్ కవర్లో వేసి మూసేయండి, గంటో రెండు గంటలో అయ్యాకే తీయండి. లేకపోతే వెచ్చగాలి తగిలి లెన్సుకి చెమ్మ పడుతుంది.