సవరణ: జుమా నమాజులో ఖుత్బా, రకాతుల క్రమం

హైదరాబాద్ మక్కా మసీదులోని శుక్రవారపు సామూహిక ప్రార్థన (జుమా నమాజు) గురించిన మునుపటి వ్యాసంలో, ప్రార్థన నడిపించే ఇమామ్ వెనుక నాలుగు రకాతులు (నిలబడటం, వంగడం, సాష్టాంగపడటం కలిసిన ఆవృత్తులు) చేశాక ఖుత్బా (ఇమామ్ ప్రసంగం) వింటారని ఉన్నది. ఆ వాక్యాన్ని ఇలా సవరించి చదువుకోగలరు.

జుమా నాడు ఖుత్బాయే ముందు వస్తుంది. ఇమామ్ మింబరు (ప్రసంగ వేదిక)పై నిలబడి, నడుమ కొద్దిసేపు కూర్చుని, రెండు భాగాలుగా ప్రసంగం ముగించిన తరువాత నమాజు మొదలవుతోందని తెలిపే ఇఖామత్ పిలుపు వినిపిస్తుంది. అప్పుడు జమాత్‌తో, అంటే అందరూ కలిసి, చేసే ఫర్జ్ (విధిగా చేయాల్సిన) రకాతులు రెండే. మిగతా రోజుల్లోని నాలుగు రకాతుల జొహర్ (మధ్యాహ్నపు నమాజు) స్థానంలో ఇవి వస్తాయి, పైగా జొహర్‌లో మెల్లగా సాగే ఖురాన్ పఠనం ఇక్కడ అందరికీ వినిపించేలా సాగుతుంది. ముందూ వెనుకా ఎవరికి వారు చేసుకునే సున్నత్ (ప్రవక్త ఆచరణను అనుసరించి చేసే అదనపు) రకాతులను కూడా కలిపి లెక్కించినప్పుడే సంఖ్య పెరుగుతుంది, చూడవచ్చినవారు తికమకపడేది సాధారణంగా ఇక్కడే. నమాజు తరువాత ఖుత్బా ఉండేది రంజాన్, బక్రీద్ పండుగలలో. కాబట్టి మొదట రాసిన క్రమం వాటికి సరిపోతుంది గాని శుక్రవారానికి సరిపోదు.

ఆలస్యంగా వచ్చినవారి విషయం ఆ వ్యాసంలో లేదు. ఇమామ్ రుకూలో (నడుము వంచిన భంగిమలో) ఉండగా వరుసలో చేరి ఆయనతో రుకూ చేసినవారికి ఆ రకాత్ దక్కినట్టే. తప్పిపోయిన రకాత్‌ను ఇమామ్ నమాజు ముగింపుగా సలాం పలికాక లేచి పూర్తిచేసుకుంటారు.