బెజవాడ డీజిల్ ఇంజన్ బెజవాడకే రావాలి

కండెమ్ చేసిన, అంటే ఇక సర్వీసుకు వద్దని పక్కన పెట్టిన డీజిల్ ఇంజన్ ఒకదాన్ని రైల్వే మ్యూజియం కోసం విజయవాడకు తెచ్చుకుందాం అంటే, పాత ఇనుముకు ఇంత హడావిడి ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. నా మాట ఒక్కటే. తేవాలి, వెంటనే తేవాలి, స్టార్ట్ అయ్యే స్థితిలో ఉండగానే తేవాలి.

నేపథ్యం అందరికీ తెలిసిందే. విజయవాడ-మద్రాసు లైన్ 1980 నాటికే కరెంటు బండ్లకు మారింది. గుంటూరు-నంద్యాల, గుడివాడ-మచిలీపట్నం మార్గాల్లో మాత్రం నిన్నమొన్నటిదాకా డీజిల్ ఇంజన్లే లాగాయి. ఇప్పుడు బ్రాడ్‌గేజ్ దాదాపు అంతా విద్యుదీకరణ అయిపోయింది. చాలా డీజిల్ షెడ్‌లు ఎలక్ట్రిక్ ఇంజన్ల పని చూస్తున్నాయి. వయసు మీరిన ఆల్కోలు, అంటే ఆల్కో కంపెనీ డిజైన్‌తో వచ్చిన డీజిల్ ఇంజన్లు, వేలంలో తూకానికి వెళ్లిపోతున్నాయి.

ఆ ఆల్కో కథలో మనవాళ్ల పాత్ర ఎంతో గుర్తు చేసుకోవాలి. డిజైన్ అమెరికాది. డబ్ల్యూడీఎం-2 పేరుతో మొదటి ఇంజన్లు 1962లో దిగుమతి అయ్యాయి. 1964 జనవరిలో వారణాసి కర్మాగారం నుంచి మన మొదటి ఇంజన్ బయటికొచ్చింది. 1969లో ఆల్కో కంపెనీయే మూతపడింది. తయారుచేసిన కంపెనీ లేకుండా పోయాక కూడా మనం అదే ఇంజన్‌ను ఇంకో మూడు దశాబ్దాలు కట్టుకుంటూ పోయాం. 2,600 హార్స్‌పవర్ ఉన్నదాన్ని డబ్ల్యూడీఎం-3ఏ రూపంలో 3,100కు పెంచాం. ఈ దేశంలో ఆల్కోను బతికించింది షెడ్‌లలో పనిచేసిన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, దాన్ని నడిపిన డ్రైవర్లు. విజయవాడ డీజిల్ షెడ్ అలాంటి చోటే. డ్రైవర్ క్యాబ్ పక్కన బీజడ్‌ఏ అని విజయవాడ రైల్వే కోడ్ రాసుకుని తిరిగిన ఇంజన్‌కు ఇల్లు ఏదంటే ఇదే.

అందుకే రంగులు పూసి, సిమెంటు దిమ్మె మీద నిలబెట్టి, సెల్ఫీ బోర్డు తగిలిస్తే నాకు సంతోషం లేదు. ఆవిరి ఇంజన్ కదలకుండా నిలబడినా దాని చక్రాలు, రాడ్లు చూస్తే ఎలా పనిచేసేదో కొంత అర్థమవుతుంది. డీజిల్ ఇంజన్ పని అంతా హుడ్ లోపలే. స్టార్ట్ చేయకపోతే అది పొడవాటి రేకు పెట్టె. పదహారు సిలిండర్లు ఒక్కొక్కటిగా అందుకోవడం, ఐడిల్‌లో నేల అదరడం, నాచ్ (వేగం పెంచే మెట్టు) పెంచగానే, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో ఇంకా ఊపందుకోకముందే నల్లటి పొగ ఎగజిమ్మడం... ఇవన్నీ కళ్లతో చూడాలి, చెవులతో వినాలి. బ్యాటరీల కరెంటుతో జనరేటరే మోటారులా తిరిగి ఇంజన్‌ను లేపుతుంది. ఆ తర్వాత అదే ఇంజన్ జనరేటర్‌ను తిప్పి కరెంటు పుట్టిస్తుంది. చక్రాలను తిప్పేది ఆ కరెంటే. ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవలేని విజయవాడ, గుంటూరు ప్రాంతాల పిల్లలకు ఇంతకంటే మంచి ప్రాక్టికల్ క్లాసు ఏముంటుంది?

ఇక్కడే టైమ్ ముఖ్యం. చాలాకాలం నిలిపేసిన ఆల్కోను నేరుగా స్టార్ట్ చేయకూడదు. ముందు క్రాంక్‌షాఫ్ట్‌ను చేత్తో తిప్పి చూడాలి, లూబ్ ఆయిల్ లోపలంతా పారించాలి. పొగగొట్టానికి మూత లేకపోతే ఒక్క వానాకాలం చాలు, నీళ్లు లోపలికి దిగి సిలిండర్లు తుప్పు పడతాయి. మన ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. మాన్యువల్‌లో ఉన్నది కొంతే, మిగతాదంతా చేతుల్లో ఉంది. చప్పుడు వినే ఏ సిలిండర్ తేడాగా ఉందో చెప్పగలిగిన మనుషులు ఏటా రిటైరవుతున్నారు. ఇంజన్‌ను పదేళ్ల తర్వాత కూడా ఎక్కడో ఒకచోట వెతికి తేవచ్చేమో, ఆ మనుషులను తేలేం.

అవతలివాళ్ల వాదనలూ ఉన్నాయి. ఢిల్లీ జాతీయ రైల్ మ్యూజియంలో డబ్ల్యూడీఎం-2 ఉంది కదా, ఇంకోటి ఎందుకు? 112 టన్నుల బరువు, క్రేన్లు, ట్రెయిలర్లు, ఖర్చు. పైగా డీజిల్ అంటే కాలుష్యం. నా జవాబు ఇది. నెలకోసారి పావుగంట నడిపితే వచ్చే పొగ మీద ఇంత బెంగ అక్కర్లేదు. పట్టాల మీదున్నంత వరకు దాన్ని మరో ఇంజన్‌తో లాక్కురావచ్చు, క్రేన్ ఖర్చు ఆఖరి కొద్ది దూరానికే. స్క్రాప్ డబ్బు ఒక్కసారే వస్తుంది. ఢిల్లీలో ఉన్నది ఢిల్లీది.

అసలు సమస్య ఒక ఇంజన్‌తో తీరేది కాదు. మన చరిత్ర వేరేవాళ్ల దగ్గర ఉండటం మనకు అలవాటైపోయింది. గుంటూరు పక్కనున్న అమరావతి స్తూపం శిల్పాల్లో చాలావరకు చూడాలంటే చెన్నై ఎగ్మోర్‌కో, లండన్ బ్రిటిష్ మ్యూజియానికో వెళ్లాలి. కనీసం వాటి గురించి బాధపడేవాళ్లయినా ఉన్నారు. పనిచేసిన మనుషుల గుర్తుల విషయంలో ఆ బాధ కూడా లేదు. బెజవాడను బెజవాడ చేసింది కృష్ణమ్మ, కాలువలు, ఆ తర్వాత రైలే. 1893లో కృష్ణ మీద వంతెన పడ్డాకే ఇది ఇంత పెద్ద జంక్షన్ అయ్యింది. సత్యనారాయణపురం మీదుగా వెళ్లిన పాత లైన్ తీసేసి బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. ఆ రోడ్డు మీద రోజూ తిరిగే కుర్రాళ్లలో ఎందరికి అక్కడ రైలు నడిచిందని తెలుసు? రాజుల నాణేలు, దేవుళ్ల విగ్రహాలు దాచుకున్నాం, మంచిదే. రాత్రి డ్యూటీకి టిఫిన్ క్యారియర్ పట్టుకుని షెడ్‌కు నడిచిన ఫిట్టర్ పానా ఎక్కడ దాచాం? ఆయన లాగ్‌బుక్ ఎక్కడుంది? విశాఖ కేంద్రంగా కొత్త రైల్వే జోన్ పేరుతో ఫైళ్లు, ఆఫీసులు అటూ ఇటూ మారేటప్పుడు ముందుగా పోయేవి ఇలాంటివే.

కాబట్టి డివిజన్ అధికారులు వేలం జాబితాలోకి వెళ్లకముందే ఒక బీజడ్‌ఏ ఆల్కోను పక్కన పెట్టాలి. దాని రిపేరు రికార్డులు, స్పేర్ పార్టులు దాంతోపాటే రావాలి. రిటైరైన షెడ్ సిబ్బందికి గౌరవవేతనం ఇచ్చి ఇంజన్ బాధ్యత అప్పగించాలి, ఐటీఐ, డిప్లొమా కుర్రాళ్లను వాళ్ల దగ్గర పెట్టాలి. పైన షెడ్డు లేకుండా ఇంజన్‌ను ఎండకు, వానకు వదిలే పనైతే అసలు తేవద్దు. విజయవాడ, గుంటూరు ఎంపీలు రైల్వే బోర్డుకు లేఖ రాయాల్సింది ఇప్పుడే, స్క్రాప్ టెండరు పడ్డాక కాదు.