మైటోకాండ్రియాకు చోటు లేని వంశవృక్షం

దేశంలో పరిశోధన అడుగంటిపోయిందని వాపోయేవాళ్లు ఒకసారి మా కాలనీకి రావాలి. యూనివర్సిటీలో జువాలజీ చెప్పి రిటైరైన ప్రొఫెసర్‌గారొకరు ఇక్కడ తమ వంశ చరిత్ర తవ్వుతున్నారు. సర్వీసులో ఉండగా కప్పను కోయాలన్నా అటెండర్‌ను కేకేసిన మనిషి, ఇప్పుడు 1860ల నాటి ఇనాం రిజిస్టర్ నకలు కోసం రికార్డు రూముల్లో దుమ్ము పీలుస్తున్నారు. ముత్తాతగారి తాతకు రెండెకరాల ఇనాం ఉండేదని తేలిన రోజు వీధంతా మిఠాయి పంచారు. ఆ భూమి ఇప్పుడెవరి చేతిలో ఉందని మాత్రం అడక్కూడదు. అది పరిశోధన పరిధిలోకి రాదు.

పూర్వం ఈ పని పిచ్చుకుంట్లవాళ్లు చేసేవారు. ఇంటి ముందు నిలబడి గోత్రం, వంశం గడగడా వల్లించి, పెట్టింది పుచ్చుకుని వెళ్లేవారు. ప్రొఫెసర్‌గారిది శాస్త్రీయ పద్ధతి కాబట్టి డీఎన్ఏ పరీక్షకని గొట్టంలో ఉమ్మేసి, ఎదురు డబ్బు కట్టి మరీ కొరియర్ చేశారు.

ఫలితాలు అద్భుతం. పూర్వీకుల్లో ఒక మంత్రి, ఒక కవి దొరికారు. అప్పులు ఎగ్గొట్టి రాత్రికి రాత్రే ఊరొదిలేసిన తాత మాత్రం ఏ ఇంటి వంశ చరిత్రలోనూ దొరకడు. అలాంటివాళ్లకు సంతానం కలగదని జీవశాస్త్రం ఎక్కడా చెప్పలేదు మరి.

చిక్కులూ ఉన్నాయి. తాత పేరు మనవడికి పెట్టడం వల్ల ఏడు తరాల్లో నలుగురు వెంకట సుబ్బయ్యలు తేలారు. కోర్టులో దావా ఓడిపోయింది వాళ్లలో ఎవరో తేలలేదు. లెక్క ప్రకారం పదో తరంలో మనిషికి 1024 మంది పూర్వీకులుండాలి. కానీ మనవాళ్లు మేనమామకూ మేనకోడలికీ ముడిపెట్టేయడంతో ఒకే పెద్దాయన ఇటు తాత, అటు ముత్తాత అయి కూర్చున్నాడు. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోక ఎర్రగీత పెట్టింది. ‘‘దానికి మన సంప్రదాయం ఏం తెలుసు!’’ అన్నారు, దగ్గరి సంబంధాల వల్ల వచ్చే జన్యు జబ్బుల గురించి ఏటా పాఠం చెప్పిన ప్రొఫెసర్‌గారు.

హాల్లో గోడకు తగిలించిన చార్టు చూశాను. పైనుంచి కిందిదాకా మగవాళ్లే. అక్కడక్కడా ‘భార్య’ అని ఉంది, పేరు లేదు. ఒకచోట ‘కూతుళ్లు: 5’ అని అంకె ఉంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని డీఎన్ఏ తల్లి నుంచే వస్తుందని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన చెయ్యే ఈ చార్టూ గీసింది. తండ్రి నుంచి కొడుక్కే వచ్చే, మన క్రోమోజోముల్లోకెల్లా చిన్నవాటిలో ఒకటైన వై క్రోమోజోమ్‌ను పట్టుకుని ఏడు తరాలూ ఈదేశారు. చార్టు ప్రకారం ఆ వంశంలో మగవాళ్లు మగవాళ్లకే పుట్టారు. ద్విలింగ జీవి అయిన వానపాముకైనా జత కావాలని చెప్పిందీ ఆయనే.

కాఫీ తెచ్చిన మేడమ్‌గారు ఉండబట్టలేక, ‘‘కనీసం అత్తయ్యగారి పేరైనా రాయండీ’’ అన్నారు.

‘‘చార్టులో చోటేదే?’’ అన్నారాయన.

పుస్తకం ప్రెస్సుకు వెళ్లింది. ఆడవాళ్ల వివరాలు రెండో సంపుటంలో వస్తాయట, విరాళాలు మిగిలితే.