పురుగుకు డ్రోను, తెగులుకు అరుగు

కొబ్బరి తోటలో గగ్గోలు ఎలా పుట్టించాలో నల్లతల పురుగు దగ్గరే నేర్చుకోవాలి. తల్లి చూస్తే వేలిగోరంత బూడిదరంగు రెక్కలపురుగు. పిల్లలు ఆకు అడుగున పట్టుదారమూ, తమ పెంటా కలిపి గూళ్లు అల్లుకుని పచ్చదనం గోకి తింటాయి. కింది మట్టలు నిప్పంటుకున్నట్టు మాడి రోడ్డు మీదికే కనిపిస్తాయి. ఇంకేం, డ్రోను దిగుతుంది, మందు కురుస్తుంది, ఫొటో వస్తుంది. గూట్లోని పురుగు నిక్షేపంగా ఉంటుంది. దాన్ని తినే గోనియోజస్, బ్రాకన్ అనే బుల్లి కందిరీగ జాతి పరాన్నజీవులు మాత్రం పోతాయి. బాగా పట్టిన రెండు మూడు మట్టలు నరికి కాల్చి, ఆ పరాన్నజీవుల్నే తెచ్చి వదలొచ్చు. కానీ అందులో చప్పుడేదీ?

గానోడెర్మా అనే పుట్టగొడుగు జాతి తెగులు శిలీంధ్రానికి పాపం ప్రచారం చేతకాదు. నేలలో ఉండి వేర్లు కుళ్లబెడుతుంది. మొదలు దగ్గర పగుళ్లలో గోధుమరంగు బంక కారితే మనవాళ్లు తుడిచి సున్నం కొడతారు. చదువుకున్నవారు 2 మి.లీ. హెక్సాకోనజోల్ అనే శిలీంధ్రనాశక మందు 100 మి.లీ. నీళ్లలో కలిపి, సంచిలో పోసి వేరుకు కడతారు. మంచిదే. పెన్సిలంత లావున్న, కోస్తే లోపల తెల్లగా ఉన్న వేరు చూసుకుని ఏటవాలుగా కోసి కట్టాలి. చేతికందిన కుళ్లు వేరుకు కడితే మర్నాటికి సంచి నిండుగానే ఉంటుంది. పోయినవాడి నోట్లో తులసితీర్థం!

అసలు వైభవం చెట్టు చచ్చాకే. మాను బోదె మీద వంతెనవుతుంది. మోకాలెత్తు మొద్దు తోటలోనే అరుగవుతుంది. దాని మీద పేకాట, పక్కన టీ గ్లాసు. వానలకు మొద్దు పక్కనుంచి పుట్టగొడుగు బల్లలా పొడుచుకొస్తుంది: పైన లక్క పూసినట్టు మెరుపు, కింద తెలుపు, గోటితో గీస్తే గోధుమరంగు. టీ గ్లాసు పెట్టుకోవడానికి చోటు దొరికిందని సంబరం. దాన్నుంచి రాలే గోధుమరంగు పొడి పంచెల మీద పడుతుంది. దులుపుకుని ముక్క వేస్తారు.

ఆ మొద్దును తడిపిన నీళ్లే పక్క చెట్లన్నిటికీ పారిస్తారు! బుద్ధి ఉన్న పనేనా ఇది? మొద్దు తవ్వడానికి కూలి దండగంటారు. నలభై ఏళ్లు కాయలిచ్చిన చెట్టు పోయినప్పుడు ఈ లెక్కల మనిషి ఎక్కడ పడుకున్నాడు? దుంపా వేర్లూ సహా పెకలించి కాల్చండి. చుట్టూ మీటరు లోతు, అడుగు వెడల్పు కందకం తియ్యండి. ఏ చెట్టు పాదుకు ఆ చెట్టు నీరు విడిగా పెట్టండి. చెట్టుకు ఏడాదికి 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం కలిపి వెయ్యండి. ఇంతకన్నా ఏం చెప్పాలి, కాళ్లు పట్టుకోవాలా?

మొద్దు పక్క చెట్టుకు కింది మట్టలు మానును అంటుకుని వేలాడుతున్నాయి. మాడలేదు, వాలాయి. పేకాట ఆపి, డ్రోను కుర్రాడికి ఫోను చేశారు.